గేటుకాడి కుర్చీ

నా నోట్ల మన్నుపడ! చర్చిల సాక్ష్యం చెప్పుమని మా ఆయన్ను ఎగదోసింది నేనే.

మా ఆయన ఇస్రాయేలు జడ్చర్లకాడ మందుల కంపెనీల డ్రమ్ములు మోస్తడు. ఎండకాలంల డ్రమ్ము లేపబోయి ఆడ్నే కూలబడ్డడు. దవాఖానల స్కాన్ తీస్తే, నడుముల డిస్కు పలిగి లోపలి గుజ్జు కాలు నరం మీద పడ్డదన్నరు. ఎడమ పాదం చచ్చుబడ్డది. చెప్పు జారిపోయినా తెల్వదాయనకు. ఎన్కనుంచి నేను అందియ్యాలె.

ఆపరేషన్ అంటే భయపడి ఒప్పుకోలే. డాక్టరమ్మ మంజులత మెల్లగ చెప్పింది. "గా గుజ్జు పుట్టినకాన్నుంచి నెత్తురుకు కనబడకుంట డిస్కులనే ఉంటది. బయటికొస్తే ఒంట్ల పహరా కాసే కణాలు పరాయిదనుకొని మీదబడి తింటయి. ఇప్పటి మంట సగం గా కొట్లాటదే. కొన్ని నెలలకు గుజ్జు మాయమైనా కావచ్చు. నలిగిన నరం మాత్రం మళ్ల లేస్తదని మాటియ్యలేనమ్మా."

సూపర్‌వైజర్ అమరేందర్ సార్ ఒక మాటిచ్చిండు. ఇంకో స్కాన్ తెచ్చి, ఇగ బరువు మోయలేడని చూపిస్తే గేటుకాడ కుర్చీల కూసోని లారీ నంబర్లు రాసే పని ఇస్తనన్నడు. గా కుర్చీ దొరకకపోతే మళ్ల డ్రమ్ములే, లేకుంటే ఇల్లే.

వాడల జనం ఊకున్నరా? ఆపరేషన్ లేదు, కట్టు లేదు, పని దొంగ అని నవ్విండ్రు. కోపంల నేను గుడ ఒకసారి గదే మాటన్న. ఆయన గోడ దిక్కు తిరిగి ఏడ్చిండు.

ఐదు నెలలకు రెండో స్కాన్ తీసిండ్రు. గుజ్జు లేదు! "చూసినవా, ఒళ్లే తినేసింది" అన్నది డాక్టరమ్మ. ఆయన పాదం పట్టి చూసి, "గిది మాత్రం గింతే" అన్నది. నా చెవులకు మొదటి మాటనే ఎక్కింది.

ఐతారం చర్చిల ఆయన్ను మోచేత్తోని పొడిచిన. "లేచి చెప్పు, దేవుడు బాగుచేసిండని. వాడోళ్ల నోర్లు మూతబడాలె."

"మరి పాదమో?" అన్నడు.

"పాదం ముచ్చట ఎత్తకు. సగం సాక్ష్యం ఎవరింటరు?"

లేచిండు పాపం. "ప్రభువు నన్ను సంపూర్ణంగ స్వస్థపరిచిండు" అన్నడు. అందరు హల్లెలూయ అన్నరు. ఎవరో వీడియో తీసి చర్చి వాట్సాప్ గ్రూపుల పెట్టిండ్రు. నేనే మురిసిపోయి నలుగురికి పంపిన.

సోమవారం ఇద్దరం కంపెనీకి పోయినం. అమరేందర్ సార్ స్కాన్ కాగితం చూసిండు. ఫోన్ తీసి, తనదాక వచ్చిన గా వీడియోల మా ఆయన మాటలు మాకే వినిపించిండు.

"డిస్కు సాఫ్. దేవుడే బాగుచేసిండంటివి. కాదనడానికి నేనెవర్ని?"

"సార్, పాదం చచ్చిపోయింది, జర చూడుండ్రి" అని కాళ్లమీద పడ్డ.

"అంటే చర్చిల అబద్ధమాడిండా?" నవ్విండు. "గదే మాట ఈ ఫోన్ల చెప్పమను. దేవుని ముందర అబద్ధమాడిన అనమను. మీ గ్రూపుకు పంపి, ఇప్పుడే కుర్చీ రాసిస్త."

మా ఆయన నా దిక్కు చూసిండు. నేను సరే అంటే చెప్పేటోడు. కాని నా కండ్లల్ల వాడోళ్ల నవ్వు మొఖాలే తిరిగినయి. గంత నోరున్న నేను తల దించుకున్న.

ఇస్రాయేలు డ్రమ్ముల దిక్కు నడిచిండు. ఎడమ చెప్పు గడపకాడనే ఉండిపోయింది. ఆయనకు తెల్వది. నేను అందుకొని ఉరికితే లోపలికి రానియ్యలే.

"షిఫ్టు అయ్యేదాక గా కుర్చీల కూసో అమ్మా, ఖాళీగనే ఉన్నది" అన్నడు అమరేందర్ సార్.

చెప్పు ఒళ్లె పెట్టుకొని కూసున్న.