ప్రశాంతి చావని వీధి

తాను చంపేసిన మనిషి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నిక్షేపంగా బతికి ఉందని అమర్‌నాథ్‌కి చేపల బజారులో తెలిసింది.

చెప్పింది స్వర్ణకుమారి. ఆయన ఇంటి పక్క సందులోనే ఉంటుంది. చేపల బేరం మధ్యలో ఆయన్ని చూసి, "అన్నయ్యా, ఆ ప్రశాంతిని ఇంకెన్నాళ్ళు చంద్రుడి మీద ఒంటరిగా తిప్పుతావు? మొన్నాదివారం కూడా ఇంటికి రప్పించలేదు. దానికి మాత్రం ఇల్లూ వాకిలీ ఉండవేటి?" అని నిలదీసింది.

ప్రశాంతి అమర్‌నాథ్ నవలలో పిల్ల. చంద్రుడి మీద రైలు నడిపే డ్రైవరు. ప్రయాణికుల పెట్టెల్ని విడదీసి కాపాడి, తాను మాత్రం ఇంజనుతో సహా లోయలో పడిపోయింది. ఆ చావు రాసిన రోజు ఆయనకి అన్నం సయించలేదు. హైదరాబాదు వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆ నవలకి అదే ఆఖరి భాగం. ఆ వెంటనే పత్రికే మూతబడింది. ఇది జరిగి ఏళ్ళయింది. అప్పట్నుంచి అమర్‌నాథ్ ఒక్క ముక్క రాయలేదు. మరి మొన్నాదివారం ఏమిటి?

ఖాళీ సంచీతోనే సైకిలెక్కాడు.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన కొత్తల్లో మొదటి కథ రాశాడాయన. పగలంతా లేతు మిషన్ల దగ్గర, మిగిలిన టైమంతా గ్రహాల మీద. అలా ఉద్యోగం గడిచిపోయింది. పెద్ద పెద్ద విమర్శకులు ఆయన్ని ఒక వాక్యంలో తేల్చేశారు, రాకెట్ల రచయిత అని. దిగులుపడలేదు. ఇక్కడ ఏ సందులో తిరిగినా "రాకెట్ బాబూ, బాగున్నావా" అనే వాళ్ళున్నారు. పత్రిక పోయాక కూడా ఆ పలకరింపులు తగ్గలేదు. రాయడం మానేసిన మనిషిని ఇన్నాళ్ళూ నిలబెట్టినవి అవే. అవి తనవేనా? ఇప్పుడు తేలాల్సింది అదొక్కటే.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో చాలామందికి తెలుగు చెవికే వచ్చు, కంటికి రాదు. చదువులు హిందీలోనో బెంగాలీలోనో సాగాయి మరి. అందుకని పత్రిక ఒకరు తెప్పిస్తారు, పైకి చదువుతారు, వీధంతా వింటుంది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆ ఒకరు విల్‌ఫ్రెడ్, రిటైరైన గూడ్సు గార్డు. ఆదివారం చర్చి అయ్యాక కొడుకు క్వార్టరు వరండాలో కుర్చీ వేసుకుంటాడు. తన కథ తానే కూర్చుని వినడం సిగ్గనిపించి అమర్‌నాథ్ ఎన్నడూ ఆ పూట అటు పోలేదు.

విల్‌ఫ్రెడ్ వరండాలో బటానీలు వలుస్తున్నాడు. అమర్‌నాథ్ సైకిలు దిగకుండానే ప్రశాంతి సంగతి అడిగాడు. ముసలాయన ముందు నవ్వాడు. టీ తాగి వెళ్ళమన్నాడు. పత్రికలో ఏదో అచ్చుతప్పు పడి ఉంటుందన్నాడు. అసలు పత్రికే లేదు కదా అని అమర్‌నాథ్ అనేసరికి, వలుస్తున్న చేతులు ఆగిపోయాయి.

"నా పేరు మీద ఎవరు రాస్తున్నారు, అంకుల్?"

"రాసేదేటి బాబూ, నాకు రాయడమొస్తే కదా," అన్నాడు విల్‌ఫ్రెడ్. తలెత్తకుండానే జరిగింది చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ వారం చిలకమ్మ ముందు వరసలో కూకుంది. దాని కొడుకు హరిబాబు నడిపే ఇంజను పట్టాలు తప్పి, ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా ఉన్నాడప్పుడు. నువ్వేమో ప్రశాంతిని ఇంజనుతో సహా లోయలోకి తోసేసినావు. సదవడానికి నోరు రాలేదు. బతికించేసినాను. అక్కడితో ఆగి ఉంటే ప్రభువు కూడా క్షమించేవాడు. హరిబాబు లేచి డ్యూటీకెళ్ళిపోయినాడు, నీ కథా అయిపోయింది, పత్రికా పోయింది. జనం మాత్రం మళ్ళీ ఆదివారం వచ్చి కూకున్నారు. పాత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పేజీలు తిప్పుతా, నోటికొచ్చింది సెప్పినాను. ఇయ్యాల్టికీ సెప్తన్నాను. విల్‌ఫ్రెడ్ కథ అంటే ఎవడొస్తాడు? రాకెట్ బాబు రాసినాడంటేనే కదలకుండా వింటారు. అందుకే నీ పేరు దొంగిలించినాను. వాళ్ళు నవ్వితే నా కథకే నవ్వినారని మురిసినాను. తీరా వీధిలో దణ్ణాలు నీకు పెడతంటే, కిటికీలోంచి చూసి కుళ్ళుకున్నాను. ఆ దణ్ణాల్లో నీవెన్నో నావెన్నో, దేవుడి తోడు, నాకూ తెలీదు."