ఇల్లు ఖాళీ చేయకుండా

మా ఇంటి కప్పు చూడటానికి ఒకే రోజు ఇద్దరు మేస్త్రీలు వచ్చారు. ఇద్దరూ చూసింది అదే కప్పు. చెప్పిన ధరలు మాత్రం ఒకటి రెండోదాంట్లో సగం.

మొదట వచ్చినాయన్ని మా వీధిలో నిదానం మేస్త్రి అంటారు. ఎదురుగా అనరు. స్కూటర్ దిగినవాడు గుమ్మంలో నిలబడ్డ మమ్మల్ని చూడకుండా నేరుగా కప్పు వంక చూశాడు. టీ ఇస్తే వద్దన్నాడు. కూర్చోమంటే అవసరం లేదన్నాడు. మధ్యగదిలో స్టూలెక్కి దూలంలోకి స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే దాని వెంట పొడి జలజలా రాలి, కింద మంచం మీదున్న మా చెల్లి దుప్పటి మీద పడింది.

"చెదపురుగులు తినాల్సింది తిని ఎప్పుడో వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఈ కప్పుని మోస్తోంది రంగే" అన్నాడు.

పెంకులన్నీ దించాలట. దూలం మార్చాలి, వాసాలు సగానికి పైగా మార్చాలి, ఆ తర్వాతే కొత్త పెంకు. నెల రోజుల పని. ఆ నెల రోజులూ ఇంట్లో పిల్లి కూడా ఉండకూడదన్నాడు. ధర చెప్పి, బేరం మొదలయ్యేలోపే స్కూటర్ ఎక్కాడు.

మా చెల్లెలి కొడుకు ఆ రోజు ఉద్యోగానికి సెలవు పెట్టి ఈ పని మీదే వచ్చాడు. వాడుండేది మూడు గంటల ప్రయాణమంత దూరంలో, ఒకటిన్నర గది ఇంట్లో. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. "నెల రోజులేగా పెద్దమ్మా, అమ్మని నా దగ్గరికి తీసుకెళ్తాను. హాల్లో ఒక మంచం పడుతుంది. నీకు ఇక్కడే ఎక్కడైనా ఒక గది చూద్దాం" అన్నాడు. వాడిలో ఏ దురుద్దేశమూ లేదు. కానీ ఇలాంటి మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను.

మా అమ్మ పోయేనాటికి నేను పదేళ్ళదాన్ని, చెల్లి ఆరేళ్ళది. మేనత్త నన్ను తీసుకెళ్ళింది, పిన్ని దాన్ని తీసుకెళ్ళింది. సెలవులయ్యేదాకానే అన్నారు. ఆ సెలవులు యాభై ఏళ్ళకి పైగా సాగాయి. మధ్యలో పెళ్ళిళ్ళలో కలిశాం, చావుల్లో కలిశాం, పక్కపక్కన కూర్చుని భోంచేసి ఎవరి బస్సు వాళ్ళం ఎక్కాం. మళ్ళీ ఒక కప్పు కింద పడుకున్నది ఇద్దరి భర్తలూ పోయాక, అది తన పెట్టె పట్టుకుని నా ఇంటికి వచ్చినప్పుడే. వచ్చిన ఏడాదికి స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి ఆ మధ్యగది మంచమే దాని లోకం. నేను చేస్తాను, అది చేయించుకుంటుంది. ఇద్దరం పోట్లాడుకుంటాం కూడా. కానీ తెల్లారి లేవగానే పక్కగదిలో దాని దగ్గు వినపడుతుంది. నాకంతకంటే ఏమీ అక్కర్లేదు.

రెండో ఆయన మధ్యాహ్నం వచ్చాడు. ఆయన పేరు చిటికె మేస్త్రి. ఏ పని చెప్పినా చిటికెలో అయిపోతుందంటాడు. టీ రెండుసార్లు తాగాడు, బిస్కెట్లు తిన్నాడు, నన్ను అక్కయ్యగారన్నాడు, మా చెల్లిని చిన్నక్కయ్యగారన్నాడు. పెరట్లో నిలబడి, నిచ్చెన ఎక్కకుండానే, కప్పంతా ఒకసారి చూశాడు. పెంకుల జోలికే పోనక్కర్లేదు, పైన ఇనప కమ్మీలు పరిచి రేకులు బిగించేస్తానన్నాడు. నాలుగు రోజులు.

ఇల్లు ఖాళీ చేయాలా అని అడిగాను. అక్కర్లేదన్నాడు. మళ్ళీ అడిగాను.

"మీరు కుర్చీ కూడా జరపక్కర్లేదు అక్కయ్యగారూ. మీ పాటికి మీరు టీవీ చూసుకోండి, మా పాటికి మేం పైన కొట్టుకుంటాం."

నా నిర్ణయం అక్కడే అయిపోయింది. ఆ తర్వాత ఆయన చెప్పిన ధర నా చెవికెక్కనే లేదు.

అయినా నేను వాదించింది ధర గురించే. సాయంత్రం మా చెల్లి మంచం పక్కన నిలబడి అబ్బాయీ నేనూ మాట్లాడుకున్నాం. పొద్దున వచ్చినాయన పని గట్టిగా ఉంటుందేమో పెద్దమ్మా అన్నాడు వాడు. గట్టిగానే ఉంటుంది, ఆ ధరకి గోడలు కూడా కొత్తవి రావాలి అన్నాను. డబ్బులేమైనా చెట్లకి కాస్తున్నాయా, పిల్లల ఫీజులకి నువ్వెంత తన్నుకుంటున్నావో నాకు తెలీదా అన్నాను. దూలం సంగతేమిటని వాడు అడగలేదు. పొద్దున ఆ పొడి వాడి చొక్కా మీదా పడింది. కానీ సగం ఖర్చు పెట్టుకోవాల్సింది వాడే. ఆ హాల్లో నెల రోజులు మంచం వేయాల్సిందీ వాడే. నేను మాట్లాడుతుంటే వాడి భుజాలు మెల్లగా కిందికి దిగడం చూశాను. నాకు కావలసింది వాడికీ కావాలి. ఇద్దరం దానికి బడ్జెట్ అని పేరు పెట్టుకున్నాం.

చిటికె మేస్త్రి అన్నమాట దాదాపుగా నిలబెట్టుకున్నాడు. నాలుగన్నది ఐదు రోజులైంది, అంతే. నీలం రేకులు. వీధిలో అందరూ ఇల్లు కొత్తదైందన్నారు. ఎదురింటి దర్జీ బయటికొచ్చి నిలబడి చూసి, ఎంతైందని అడిగి, తనూ అదే వేయించుకుంటానన్నాడు.

లోపల వేరే సంగతి. పది దాటితే రేకుల వేడి పెంకుల్లోంచి దిగి ఫ్యాను గాలిలో కలిసేది. మధ్యగది కప్పులో ఒక గాజుపెంకు ఉండేది. దాంట్లోంచి పడే వెలుగుముక్క పొద్దున గోడ మీద మొదలై, మంచం దాటి, సాయంత్రానికి అలమార ఎక్కేది. ఇప్పుడు దాని మీదా రేకు కప్పేశారు. పగలంతా బల్బు వెలగాల్సిందే. మా చెల్లి టైమెంతైందని మాటిమాటికీ అడగడం మొదలుపెట్టింది.

తర్వాత తలుపు. మధ్యగది తలుపు వేస్తుంటే పైన రాసుకునేది. చిటికె మేస్త్రికి ఫోన్ చేస్తే, చెమ్మకి చెక్క ఉబ్బుతుందక్కయ్యగారూ, కాస్త నూనె రాయండన్నాడు. రాశాను. వారానికి ఇంకా బిగిసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. దూలం కొస ఆ గుమ్మం మీది గోడలోనే ఆని ఉందని నాకు తెలుసు. తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టాను. గుమ్మం పైన గోడలో వెంట్రుకలాంటి పగులొకటి కనిపించింది. రోజూ పొద్దున్నే దాన్ని చూడటం నాకు పనైపోయింది. బజారుకి వెళ్ళడం మానేశాను. కూరలబండి గుమ్మంలోకి వస్తేనే కొనేదాన్ని. నేను లేనప్పుడు ఏదైనా అయితే అది లేచి రాలేదు కదా.

అబ్బాయి ఫోన్ చేసి కప్పెలా ఉంది పెద్దమ్మా అంటే, రాయిలా ఉంది నాన్నా అనేదాన్ని. మంచం మీంచి మా చెల్లి నా వంక చూసేది.

వానాకాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, దానికి ఒళ్ళు తుడిచి బట్టలు మార్చాలి. వీధి తలుపు తీసి ఉంది. ఎవరైనా వస్తారని ఇటుక కాలితో పక్కకి తోసి, మధ్యగది తలుపు గట్టిగా నెట్టి మూశాను. బట్టలు మారుస్తుండగా వాన అందుకుంది. రేకుల మీద మామూలు వానే కంకర కుమ్మరించినట్టుంటుంది. అది మామూలు వాన కాదు. ఆ హోరులోనే పైన ఏదో మూలిగింది. ద్వారబంధం పై చెక్క కిందికి దిగి, తలుపు నెత్తిన కూర్చుంది.

లాగాను. గడియ ఊడి చేతిలోకి వచ్చింది కానీ తలుపు కదల్లేదు. కిటికీకి ఊచలు. అవతల పెరడు, ఆపైన ప్రహరీ గోడ. అరిస్తే నా అరుపు నాకే వినపడలేదు. చెల్లి దిండు పక్కనున్న ఫోన్ తీసి అబ్బాయికి చేశాను. అటునుంచి హలో హలో అంటున్నట్టు తెలుస్తోంది, అంతే. అప్పుడు ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతికి రాశాను: తలుపు బిగిసింది, ఇద్దరం లోపలే ఉన్నాం, దూలం దిగింది. అదే చిటికె మేస్త్రికీ పంపాను. ఆయన వెంటనే బొటనవేలు బొమ్మ పంపాడు.

మంచాన్ని దూలం కింద నుంచి మూలకి ఈడ్చాను. అంగుళం అంగుళంగా వచ్చింది. తర్వాత దాని తలాపున కూర్చుని పైకి చూడటం తప్ప చేసేదేమీ లేకపోయింది. అది నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. నా చెవి దాని నోటి దగ్గర పెట్టాల్సి వచ్చింది.

"అక్కా, ఆ నెల రోజులూ నేను వాడి దగ్గరికి వెళ్ళుంటే ఏమయ్యేది?"

ఆ ఇరుకులో నువ్వెక్కడ సర్దుకుంటావన్నాను. కోడలు ఉద్యోగానికి పోతే నిన్నెవరు చూస్తారన్నాను.

"నాకు మనవరాళ్ళని చూడాలని ఉండింది."

"చెప్పొచ్చుగా మరి."

"ఎవరడిగారు? నా పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు మీ ఇద్దరూ. నేను కప్పుని చూస్తూ పడుకున్నాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "పిన్ని ఇంటికి పంపేటప్పుడూ ఇంతే. నా చెప్పులు ఎక్కడున్నాయని ఇల్లంతా వెతికారు. నన్నొకమాట అడగలేదు."

"నన్ను మాత్రం ఎవరడిగారే?"

"అందుకేగా నువ్వు అడుగుతావనుకున్నాను."

నేను దాని చెయ్యి వదల్లేదు. అదీ విడిపించుకోలేదు.   వాన తగ్గేదాకా అలాగే కూర్చున్నాం. పైనుంచి సున్నం పెచ్చులు ఊడిపడినప్పుడల్లా దాని మొహానికి నా పమిట అడ్డం పెట్టాను.

చీకటి పడేవేళకి అబ్బాయి స్నేహితుడి కారు తీసుకుని వచ్చాడు. వస్తూ దారిలోనే నిదానం మేస్త్రికి ఫోన్ చేసి పిలిపించాడట. అబ్బాయి తలుపుకి భుజం ఆనించి తోయబోతే ఆయన కసిరాడు. మీ అమ్మ నెత్తిన పడాలనుందా అన్నాడు. ముందు అవతలి వైపు రెండు ఇనప గుంజలు నిలబెట్టి దూలాన్ని ఎత్తిపట్టాడు. ఆ తర్వాతే రంపంతో తలుపు పై అంచు కోశాడు. పేరుకి తగ్గట్టే చేశాడు. ఆ నిదానానికి లోపల నాకు ప్రాణం పోయింది.

తలుపు తెరుచుకున్నాక లోపలికొచ్చి చుట్టూ చూశాడు. ఆ రోజే చెప్పానుగా అని అంటాడనుకున్నాను, అనలేదు. ఇప్పుడు రేకులు కూడా విప్పాలి కాబట్టి పాత ధరకి రాదన్నాడు. వానలు ఆగేదాకా కప్పు విప్పకూడదన్నాడు. అంటే మొదలవడానికే రెండు నెలలు, ఆపైన పని. అప్పటిదాకా ఈ గదుల్లో ఎవరూ పడుకోకూడదు. పెరట్లో వంటగది కప్పు వేరు, అది పరవాలేదు, అందులో ఒక మనిషి సర్దుకోవచ్చు.

ఒక నెల ఎడబాటు తప్పించుకోబోయి మూడు నెలలు కొనుక్కున్నాను. అబ్బాయి నా వంక చూశాడు. ఇల్లు నాది కదా, ఏ మాటైనా నేనే అనాలి.

"ఏమే, ఏం చేద్దాం?" అని మా చెల్లిని అడిగాను.

 మేస్త్రి, అబ్బాయి, నేను, ముగ్గురం మంచం చుట్టూ నిలబడ్డాం. అంతమంది తన మాట కోసం ఆగడం దానికి కొత్త. కొంచెం సేపు అలాగే ఉంచింది మమ్మల్ని.

"ఈయన చేతే చేయించు. ఎంతైనా సరే. నేను వాడి దగ్గరికి వెళ్తాను" అంది.

మళ్ళీ వస్తానంటుందేమోనని చూశాను. దువ్వెన, కళ్ళజోడు సంచిలో వేయమంది. వేశాను. దాని చీరలు మడతపెడుతూ ఎన్ని పెట్టమంటావని అడిగాను. అన్నీ అంటే ఏం చేయాలో నాకు తెలీదు. "చూసి పెట్టు" అంది. నాలుగు పెట్టి, ఐదోది చేత్తో పట్టుకుని ఆలోచించి, అదీ పెట్టాను.

అబ్బాయి దాన్ని చేతుల మీద మోసుకెళ్ళి కారు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. కారు స్టార్టయింది, కదల్లేదు. వెనక చక్రం బురదలో తిరిగిన చోటే తిరుగుతోంది. మేస్త్రి రంపం గట్టు మీద పెట్టి వెనక్కి వెళ్ళి తోశాడు. ఆయన ఒక్కడి వల్ల కాలేదు. ఇటూ అటూ చూశాడు. వీధిలో ఎవరూ లేరు.

నేను వెళ్ళి ఆయన పక్కన చేతులు ఆనించాను. మీరు తప్పుకోండమ్మా, నడుం పడుతుందన్నాడు. తప్పుకోలేదు. మొహాన బురద చిందింది. వెనక అద్దం కిందికి దిగింది.

"అక్కా, నువ్వు తోయకు."

"నేను తోయకపోతే నువ్వెలా వెళ్తావే?" అన్నాను.

అది అద్దం మూయలేదు. మేస్త్రి ఊఁ అన్నాడు. ఇద్దరం కలిసి, ఉన్న బలమంతా పెట్టి, ఇంకోసారి తోశాం.