మన ఊరి పిల్లను

సాయంత్రం ఆరింటిలోగా ఒక్క విజిటైనా పడకపోతే రేపటి నుంచి రానక్కర్లేదని మేనేజర్ ఉపేంద్ర పొద్దున్నే తేల్చి చెప్పేశాడు. విజిట్ అంటే మరేం లేదు, ఫోన్లో ఎవరినో ఒకరిని ఒప్పించి, కంపెనీ కారెక్కించి, బడంగ్‌పేట్ అవతల ప్లాట్లు చూపించడం. పది రోజులుగా స్వప్నకు ఒక్కటీ పడలేదు. ఇంట్లో భర్త తిరుపతి ఆటో బోల్తాపడి కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. ఈ ఉద్యోగం పోతే ఇల్లు గడవదు.

ఆ దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో, అవతలివాళ్లు ఫోన్ ఎత్తగానే అనాల్సిన మొదటి మాటలు అచ్చువేయించి గోడకు అంటించారు. "నమస్కారమండీ, మీ విలువైన సమయంలో ఒక్క నిమిషం నాకు కేటాయిస్తారా అండీ?" రాసినవాడెవడో గానీ జన్మలో ఒక్క ఫోనూ చేసి ఉండడు. కేటాయించడం దాకా రాకముందే అందరూ పెట్టేస్తున్నారు.

మధ్యాహ్నం దాటాక స్వప్నకు తెగింపు వచ్చింది. నంబర్ల కాగితంలో పేరు పక్కన సొంతూరు కూడా ఉంది. ఏదో బట్టల షాపు లక్కీ డ్రా కోసం జనం రాసిచ్చిన వివరాలవి. ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ నల్గొండవాళ్లకు సొంతూరి పేరు చెబితే చాలు, చేతిలో పని వదిలేసి మరీ మాట్లాడతారు. ఆ వెంటనే ఎవరి బిడ్డవని అడుగుతారు. ఆమెదీ ఆ జిల్లాయే కాబట్టి దానికీ జవాబు సిద్ధం చేసుకుంది. భిక్షపతి బిడ్డనంటే సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు భిక్షపతులు లేని ఊరు అటువైపు ఉండదు. ఏ భిక్షపతో వాళ్లే చెప్పుకుంటారు.

ఐదుంబావుకు రాయిగూడెం రామస్వామి నంబరు నొక్కింది. ఉపేంద్ర కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, వినడానికి తనూ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"పెదనాయినా, మంచిగున్నవా? నేను మన రాయిగూడెం పిల్లను."

"రాయిగూడెమా! ఎవరి బిడ్డవమ్మా?"

"భిక్షపతి బిడ్డను."

"ఏ భిక్షపతి? లారీ భిక్షపతా?"

"ఆఁ, గాయిననే."

ఉపేంద్ర మెచ్చుకోలుగా తలూపాడు.

"సింధూరవా?" అన్నాడు రామస్వామి, గొంతు బాగా తగ్గించి. "ఎనిమిదేండ్లాయె గద బిడ్డా! కోచింగని పోయినదానివి మళ్ల రాకపోతివి. యాడున్నవ్? మీ నాయిన నిన్ను ఊరూరా దేవులాడి దేవులాడే పానం ఇడిచె."

స్వప్న కాదని చెప్పబోయింది. ఉపేంద్ర మైకుకు చెయ్యి అడ్డంపెట్టి గొణిగాడు. "అవునని చెప్పమ్మా. ముందు కారెక్కనీ, మిగతా సంగతి తర్వాత చూసుకుందాం. ఒక్క మాటేగా!"

"ఊఁ" అంది స్వప్న. అన్న మరుక్షణం తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఉండు, పెట్టకు. మీ అమ్మ మా ఇంట్లనే కిరాయికుంటది. ఓ అరుణమ్మా! జల్ది రా!"

ఎవరో పరిగెత్తుకొస్తున్న అడుగులు, ఏదో గిన్నె కింద పడ్డ మోత, తర్వాత ఆయాసం వినిపించాయి. ఏడుపులేమీ లేవు, తిట్లు లేవు.

"తిన్నవా బిడ్డా?" అంది ఆ తల్లి.

స్వప్న ఇక తట్టుకోలేకపోయింది. "అమ్మా, నేను నీ బిడ్డను గాను. నా పేరు స్వప్న. ప్లాట్లు అమ్మనీకి ఫోన్ చేసిన. మీ ఊరు గూడ గాదు. అబద్ధమాడిన, తప్పయింది."

ఉపేంద్ర హెడ్‌ఫోన్ టేబుల్ మీద విసిరికొట్టి లేచాడు. "నీకు ఉద్యోగం అక్కర్లేనట్టుంది. పెట్టేసి బయల్దేరు. రేపు రావద్దు."

స్వప్న పెట్టలేదు.

"ఫోన్లు చేసుడేనా నీ పని?" అని అడిగింది అరుణమ్మ.

"అవునమ్మా."

"దినాం ఎంతమందికి చేస్తవ్?"

"రెండు వందల మందికి."

"మా సింధూరకు ఇప్పుడు ఇరవై ఆరేండ్లు. ఎడమ చెవి పక్కన కాలిన మచ్చుంటది. చేసినకాడల్లా జర అడుగు బిడ్డా."

ఉపేంద్ర తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

"అడుగుతనమ్మా. రేపటి సంది అందరిని అడుగుత" అంది స్వప్న.