త్రాసులో పేరు రోజు బన్ను

శనివారం మధ్యాహ్నం హిల్కా ఇంట్లో ముందు పిండి పొంగాలి, తర్వాత స్నానానికి ఆవిరిగది కాగాలి, మనుషులు నోరు విప్పడం ఆ తర్వాతే. కువోపియో ఊరి సరస్సు ఒడ్డున ఏ ఇంట్లోనైనా అంతే. కానీ మనవరాలు పిల్వికి చక్కెర జబ్బని తేలినప్పటి నుంచీ ఆ ఇంట్లో పిండి పొంగలేదు. తిన్నదాంట్లో పిండిపదార్థం ఎన్ని గ్రాములో తెలిస్తేనే ఎంత ఇన్సులిన్ పొడవాలో తెలుస్తుంది. కొన్న రొట్టె కవరు మీద ఆ అంకె అచ్చేసి ఉంటుంది. హిల్కా చేసే యాలకుల బన్ను మీద ఎవరు అచ్చేస్తారు?

ఇవాళ పిల్వి పేరు రోజు, అంటే క్యాలెండర్లో ఆ పేరుకి రాసిపెట్టిన పండగ. పిల్ల పోరగా పోరగా తల్లి సతు ఇంట్లో బన్నులకి సరేనంది. వారంగా ఫోన్లో లెక్కలు కట్టే యాప్ కోసం గాలిస్తోంది. ఒకటి ప్యాకెట్ మీది బార్‌కోడ్ గీతలు చూపించమంది.

"నా అరచేతి గీతలు చూపించు," అంది హిల్కా పిండి మర్దిస్తూ.

"నవ్వకమ్మా! ఇంకోటి దొరికింది. ఏం వేశావో చెబితే చాలట. పిండి ఎంత?"

"చేతికి అంటుకోనంత."

"అమ్మా!"

హిల్కా మూతి ముడిచి, నూరు మిల్లీలీటర్లు పట్టే డెసిలీటరు కొలగిన్నె అందుకుంది. అమ్మ కొలుస్తుంటే కూతురు ఫోన్లో నొక్కింది. బన్నులు పొయ్యిలోంచి బయటికొచ్చేసరికి వంటింట్లో కేక.

"వచ్చేసింది! బన్నుకి యాభై ఒక్క గ్రాములు!"

పిల్వి గంతులేసింది. "రెండు తింటా! తినేసి ఆవిరిగదిలోకి పరుగే!"

సతు ఇన్సులిన్ పెన్నులో మందు మోతాదు తిప్పసాగింది. ఈలోగా పిల్వి అలమర మీది ఇత్తడి త్రాసు దించి, మొదటి బన్ను ఒక పళ్లెంలో పెట్టింది. పేరు రోజున అది ఆనవాయితీ. రెండో పళ్లెంలో ఎక్కణ్ణుంచో చక్కెర గలగలా రాలి కుప్పయింది. ఆ బన్ను ఒంట్లోకి వెళితే ఎంత చక్కెర అవుతుందో అంతే రాలుతుంది. హిల్కా వాళ్ల అమ్మమ్మ కాలం నుంచీ రాలుతూనే ఉంది, ఇరుగుపొరుగు ఆ చక్కెరతో కాఫీలు తాగుతూనే ఉన్నారు.

"అమ్మా, యాభై ఒకటంటే ఇంతేనా?" అంది పిల్వి.

"దానికి కుప్పే తెలుసు, అంకె తెలీదు. మందుకి అంకె కావాలి. చెయ్యి ఇటివ్వు."

"కుప్పని కరెంటు తూకం మీద పోస్తే?"

అడుగుతూనే పోసేసింది. ముప్పైమూడు గ్రాములు.

సతు పెన్ను ఆగిపోయింది. ఫోను మళ్లీ తీసింది. కొలగిన్నెడు పిండి నూరు గ్రాములని ఇందాక తనే నొక్కింది. నూరు తూగేది నీళ్లు. పిండి అరవైకి మించదు. పుట్టిన దగ్గర్నుంచీ గిన్నెలతో కొలిచే చేతులకి గ్రాముల సంగతి ఏనాడు తట్టింది గనక!

"రెండు బన్నులకీ అంత మందు పొడిచి, ఆ వేడిలోకి పంపేదాన్ని," అంది సతు. వేడికి మందు ఇంకా జోరెక్కేది, పిల్ల అక్కడి చెక్క బల్ల మీదే సొమ్మసిల్లేది.

హిల్కా కుప్పని కాగితంలో పొట్లం కట్టింది. "కళ్లు తిరిగితే ఇది నోట్లో వేసుకో," అని పిల్వి జేబులో పెట్టింది.

సతు అంకె మార్చింది, పెన్ను వెనక్కి తిప్పింది, పొడిచింది. పిల్వి బన్ను కొరికింది. ముక్కు మీద చక్కెర పలుకులు, కళ్లలో నీళ్లు, నోరు మాత్రం ఆగలేదు.

"ఇంకా! ఇంకా! ఇక అన్నీ తూచేద్దాం! చేపల రొట్టె! బ్లూబెర్రీ పై! అమ్మమ్మా, రేపు ఏం చేస్తావు?"

"ముందు అది మింగు."

సతు కుర్చీ లాక్కుని కూర్చుంది. పిల్వి బన్నులు మానేసిన రోజునే తనూ మానేసింది. ఎవరికీ చెప్పలేదు.

"అమ్మా," అంది, "నాకూ ఒకటి పెట్టవూ."

హిల్కా అన్నిట్లోకీ పెద్దది ఏరి తెచ్చింది. "తూచనా?"

"వద్దు," అంది సతు, అప్పటికే నోరు నిండిపోయి.