ఆఖరి షీటు కడిగిన రోజు

నీల మూడు ట్రేలను ఎడమ నుంచి కుడికి పేర్చి, ఒక్కోదాని అంచును వేలితో తాకి చూసుకుంది. మొదటిది ఫిల్ము మీద బొమ్మను తేల్చే డెవలపర్, నడుమ మామూలు నీళ్లు, చివర ఆ బొమ్మను నిలిపే హైపో. ఒకప్పుడు వడ్ల బస్తాలు పెట్టుకున్న ఆ చిన్న గదికి కిటికీ లేదు. తలుపు కింది సందులో పాత చీర కుక్కింది.

"అర్ధగంట దాకా తలుపు జోలికి రాకు," అని లోపలి నుంచే కేకేసింది.

"నాకే చెప్తున్నవా? గా మాట నేర్పిందెవడే?" ముందు గదిలో మంచం మీద నుంచి రాజం నవ్వాడు. "నిన్న సినిమా హీరోయిన్ లెక్క కూసున్నవ్. జల్ది కడుగు, నేను చూడాలె."

"గోలి ఏసుకున్నవా?"

"ఏసుకున్న తీ."

వారమంతా కరెంటుతో నడిచే సాంచాల మీద బట్ట నేసి, పెళ్లిళ్లకూ బడులకూ కెమెరా మోసుకుపోయేవాడు రాజం. జగిత్యాలలో ఒక స్టూడియో మూసేస్తుంటే కొన్న చెక్క కెమెరా అది. అరచేతి కన్నా కాస్త పెద్దగా ఉండే షీటు ఫిల్ము ఒక్కొక్కటే అందులో పెట్టాలి. తీయడం అతని పని, కడగడం నీల పని. ఆమె కడిగి బయటికొచ్చేసరికి గడప పక్కన సాసరు బోర్లించిన చాయ్ గ్లాసు పెట్టడమూ అతని పనే. ముస్తాబాద్ పెళ్లికూతుళ్లూ ఎల్లారెడ్డిపేట పిల్లలూ ఎందరో ఆమె చేతుల్లోనే నీళ్లలోంచి తేలారు. ఆమె బొమ్మ మాత్రం ఒక్కటీ లేదు. ఇంటి మనిషి మీద షీటు ఎవరు ఖర్చు చేస్తారు?

కిందటి నెల రాజం గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పాడు. నిన్న పొద్దున రాజం ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దాచిన డబ్బా తీసి, మిగిలిన ఒకే ఒక్క షీటు మీద నీలను పట్టాడు. ఇది పాడైతే అతను ఆమె బొమ్మ చూడడం ఇక ఉండదు.

నీల లైటు ఆర్పింది. చీకటి కళ్ల మీద తడిగుడ్డలా పరుచుకుంది. షీటు మూలన చిన్న గంటు వేలికి తగిలింది. గంటు కుడివైపు పైన ఉంటే మందు పూసిన ముఖం మన వైపు ఉన్నట్టు. పెళ్లయిన మూడో వారం ఇదే చీకట్లో రాజం ఆమె వేలు పట్టుకుని ఆ గంటు చూపించాడు. చూపించడం అయిపోయినా వేలు వదల్లేదు. బయట అత్త అరిచింది, "గంతసేపు కడుగుతున్నరు, గవి ఫోటోలా, బొంతలా?" నీల ఇప్పుడు ఒక్కతే చీకట్లో నవ్వుకుంది.

షీటును డెవలపర్‌లోకి జార్చింది. ఎనిమిది నిమిషాలు. ఆమెకు గడియారం అక్కర్లేదు. పక్కింటి సాంచ నిమిషానికి నూట ఇరవై దెబ్బలు కొడుతుంది. దెబ్బలు లెక్కపెడుతూ ట్రే అంచును మెల్లగా ఎత్తి దించుతోంది.

అయిదో నిమిషంలో కరెంటు పోయింది. సాంచాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. సిరిసిల్లలో ఆ వీధిలో పట్టపగలు అంత నిశ్శబ్దం ఆమె ఎన్నడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో అడుగులు నడిచి వచ్చి తలుపు అవతల ఆగాయి.

"నీలా."

"ఎందుకు లేచినవ్?"

"ఒక్కసారి బయటికి రా."

"గిప్పుడు ఎట్లొస్త? ఇంకా మూడు నిమిషాలున్నది. తలుపు తీస్తే నా ముఖం మసైపోతది."

"తియ్యను తీ. కడుగు."

ఆ గొంతులో ఆయాసం లేదు. ఈమధ్య రెండు మాటలకే ఎగపోస్తున్న మనిషి, పాతికేళ్లవాడిలా పలికాడు. గోలి పనిచేస్తోందని నీల సంబరపడింది. మిగిలిన మూడు నిమిషాలు మనసులోనే లెక్కపెట్టింది. అడుగులు వెనక్కి వెళ్లిన చప్పుడు రాలేదు.

షీటును నీళ్లలో ముంచి, హైపోలో మరో అయిదు నిమిషాలు ఉంచి, తలుపు తీసింది. ఎవరూ లేరు. షీటును పైకెత్తి వెలుగుకు అడ్డం పెట్టి చూసుకుంటూ ముందు గదికి నడిచింది. నెగెటివ్‌లో నలుపూ తెలుపూ తారుమారై, నెరిసిన జుట్టు నల్లగా, ముఖం బొగ్గులా, కనుపాపలు తెల్లగా వెలుగుతూ. ప్రింటులో ఎంత బాగుంటుందో ఆమెకు తెలుసు.

"ఇగో, నీ హీరోయిన్."

రాజం దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి ఉన్నాడు. భుజం తట్టింది. చెయ్యి పట్టుకుంది. మోచేతి దాకా చల్లగా ఉంది.

ఆమె కేకకు వాళ్ల వీధి గడప మీదే ఇందాకటి నుంచీ రాట్నం ముందేసుకుని నూలు కండెలు చుడుతున్న పొరుగింటి సత్యవ్వ లోపలికి వచ్చి, అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి కూలబడింది.

"నువ్వు గా చిన్న అర్రలకు పోంగనే దుప్పటి కప్పుకున్నడే. నిద్రపోయిండనుకున్న."

"లేదు, ఇప్పుడే తలుపు కాడికొచ్చి మాట్లాడిండు, అక్కా."

"ఎవరు? నేను గీ గడప దిగలే. గీ మంచం మీంచి మనిషి లేవలే, బిడ్డా."

నీల అతని ముఖాన్ని మెల్లగా తనవైపు తిప్పి, మూసిన కళ్ల ముందు షీటును పట్టుకుంది. నీటి చుక్కలు అతని చొక్కా మీద రాలాయి. వీధి జనం గుమిగూడేదాకా అలాగే పట్టుకుంది.

హైపో వదలకపోతే బొమ్మ పాడవుతుంది. షీటు కడగడానికి ఆమె చిన్న గది వైపు నడిచింది. ఇందాక షీటునే చూస్తూ ఆ గది గడప దాటింది కాబట్టి కింద చూసుకోలేదు. గడప పక్కన గాజు గ్లాసు నిండా చాయ్, దాని మీద బోర్లించిన సాసరు. నీల సాసరు ఎత్తింది. దాని లోపలి వైపు ఆవిరి బొట్లు. చాయ్ మీద ఇంకా మీగడ కట్టలేదు.