నిండు బరువులు

మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా గదిలో ఉన్న కంప్యూటర్ నా పెళ్లికంటే పాతది. హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటోంది, మార్పించండి సార్ అని యజమాని గిరిప్రసాద్‌కు పోయిన సీజన్ నుంచీ మొత్తుకుంటున్నాను. "నడస్తా ఉండాది గదా నాగవేణీ" అనేవాడు. తన కారుకు ఏటా కొత్త సీటు కవర్లు వేయించే మనిషి. ఈ పెట్టె మీద రూపాయి పెట్టాలంటే మాత్రం ప్రాణం పోయేది.

తోతాపురి కాయ ముమ్మరంగా దిగుతున్న రోజు, మిట్టమధ్యాహ్నం, అది నిలబడిపోయింది. వడమాలపేట రోడ్డు పొడవునా ట్రాక్టర్లు. యార్డు లోపల ఇంకో చిక్కు. ట్రాక్టరు కాయతో ఒకసారి కాటా ఎక్కుతుంది, దించాక ఖాళీగా ఇంకోసారి ఎక్కుతుంది. రెండు బరువులూ పడితేనే చీటీ వస్తుంది. ఆ పూట నిండు బరువు మాత్రమే పడి, కాయ దించేసినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. అందరి కాయా ఒకే గుట్టలో కలిసిపోయింది. ఎవరిది ఎంతో ఆ చావబోయే డిస్కులో తప్ప ఎక్కడా లేదు.

పుత్తూరు నుంచి మెకానిక్ హరినాథ్ కొత్త డిస్కు, ఎస్ఎస్‌డి, పట్టుకుని వచ్చాడు. పాతదాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"అక్కా, దీంట్లోదంతా కొత్తదాంట్లోకి కాపీ చేస్తా. మధ్యలో కరెంటు పీకితే మాత్రం ఇది మళ్లా తిరగదు."

కాపీ మొదలుపెట్టి, అంతటితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. "పాత లెక్క వద్దనుకుంటే కొత్తది ఇప్పుడే తగిలించొచ్చు. సాఫ్ట్‌వేర్ వేసుకొనే వచ్చినా" అని కూడా అన్నాడు.

కిటికీ అవతల ధర్మేంద్ర విన్నాడు. పాకాల వైపు కుర్రాడు. నిన్నటి నుంచి లైన్లో ఉన్నాడు. అతని ట్రాలీ అడుగున కాయ నలిగి రసం కారుతోంది.

"ఇంకేమప్పా, తగిలించు. మా కాయ కుళ్లిపోతా ఉండాది ఈడ."

"తగిలిస్తే మా బరువు యాడికి పోతాది?" గది తలుపు దగ్గర నిలబడ్డ చెంగల్రాయుడు అడిగాడు. యాభై దాటిన మనిషి, కౌలు తోట. ఈ ఏడు కాసిందంతా ఆ ఒక్క లోడే. అది గుట్టలో పడిపోయింది.

"అది నువ్వూ యజమానీ తేల్సుకోండి మామా. పక్కకి జరుగు."

చెంగల్రాయుడు జరగలేదు. చేతిలో జాకీ కడ్డీ ఉంది. ధర్మేంద్ర వెనక ఉన్నవాళ్లు తోసుకొచ్చారు. మొదట వచ్చినవాడి భుజం మీద కడ్డీ దిగింది. ఎముక విరిగిన చప్పుడు నాకు లోపలికి వినిపించింది.

తర్వాత కిటికీలోంచి ఇటుక వచ్చింది. గాజు పెంకు హరినాథ్ చెంపలో దిగింది. అతను సీపీయూ మీదికి వంగి అలాగే ఉండిపోయాడు. నెత్తురు కీబోర్డు మీద కారింది. పగిలిన అద్దంలోంచి ఎవడిదో చెయ్యి దూరి కరెంటు వైరు పట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చెయ్యి పట్టుకుని కొరికేశాను. వాడు అరిచేదాకా వదల్లేదు. మామిడి సొనా నెత్తురూ కలిసి నోరంతా చేదైంది.

తలుపు దగ్గర ధర్మేంద్ర కడ్డీ లాక్కున్నాడు. చెంగల్రాయుడు కుడిచేత్తో గుమ్మాన్ని పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. ధర్మేంద్ర ఆ చేతి మీదే కడ్డీతో కొట్టాడు. అది సడలగానే ఆయన ఎడమ భుజం అడ్డం పెట్టాడు. మళ్లీ కొట్టాడు.

"పాపా, ఎంతయినాది?" అని అడిగాడు చెంగల్రాయుడు, వెనక్కి తిరక్కుండానే.

"అయిపోవచ్చినాది పెదనాయనా" అన్నాను. తెర మీద సగం కూడా దాటలేదు. అబద్ధం చెప్పినందుకు ఏడుపొచ్చింది.

ఆయన నిలబడ్డాడు. వీపు మీద, నడుము మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. కాపీ పూర్తయ్యేసరికి మోకాళ్ల మీద ఉన్నాడు, గుమ్మం మాత్రం వదల్లేదు.

హరినాథ్ కొత్తది బిగించాడు. తెర వెలిగింది. పేర్లు వచ్చాయి. నేను గట్టిగా చదివాను.

"చెంగల్రాయుడు. ఏడువేల రెండువందల నలభై కిలోలు."

బయట అరుపులు ఆగిపోయాయి. ధర్మేంద్ర అప్పుడు ఆ కుడిచెయ్యిని చూశాడు. మణికట్టు దగ్గర ఎముక బయటికి వచ్చింది. కడ్డీ కింద పడేసి, "మామా, నీళ్లు తాగు" అన్నాడు.

అంతసేపూ మేడ మీద దాక్కున్న గిరిప్రసాద్ అప్పుడు దిగి, గది వెనక మెట్ల తలుపులోంచి లోపలికి వచ్చాడు. నెత్తుర్ని దాటుకుని కిటికీ దగ్గరికి వెళ్లి గుట్టను చూశాడు.

"ఎండకి కాయ మెత్తబడింది. దించినోళ్లకి పావు వంతు కోత. లైన్లో ఉన్నోళ్లకీ అంతే. రాసుకో నాగవేణీ."

చెంగల్రాయుడు గుమ్మం పట్టుకుని లేచాడు. కింద పడి ఉన్న కడ్డీ కోసం వంగాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకోలేదు. ధర్మేంద్ర దాన్ని తీసి ఆయన ఎడమచేతిలో పెట్టాడు. ఆయన గదిలోకి తిరిగాడు. బయట ఉన్నవాళ్లందరూ ఆయన వెనక గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఏం సూస్తావమ్మా, పోలీసులకి ఫోన్ చెయ్" అన్నాడు గిరిప్రసాద్, మెట్ల వైపు అడుగులు వేస్తూ.

నేను లేచి మెట్ల తలుపు మూసి గడియ పెట్టాను.