పట్టికలో ఐదో మనిషి

ఈ అమెరికా గడ్డి గుట్టల్లో, మా కౌంటీ మొత్తానికి నల్లవాళ్ళం నలుగురమే. నేను, నా భర్త లూషస్, మా అబ్బాయి డార్సీ, ఎనభై ఆరేళ్ళ మా అత్త ఐడెల్లా. నలుగురమూ ఒకే కప్పు కింద ఉంటాం. ఈ లెక్క తేల్చడానికి వాషింగ్టన్ అక్కర్లేదు, మా కుక్కనడిగినా చెబుతుంది. అందుకే ఆ బుధవారం వారపత్రికలో జనాభా లెక్కల పట్టిక చూసి, కళ్ళజోడు ఏప్రన్ అంచుకు తుడుచుకుని మళ్ళీ చూశాను. మొత్తం జనం 712. తెల్లవాళ్ళు 668. నల్లవాళ్ళు 5.

ఐదు.

దాణా కొట్టుకు వెళ్ళేసరికి అందరూ అదే పత్రిక పట్టుకుని ఉన్నారు. మా పక్కనే పశువుల రాంచి ఉన్న వెండెల్ నన్ను చూడగానే టోపీ ఎత్తాడు.

“ఏం వెర్లీన్, పార్టీ ఎప్పుడు? ఇంట్లో మనిషి పెరిగితే మాటమాత్రమైనా చెప్పలేదు!”

“ముందు నువ్వు ఆ ఇద్దరు ఆసియావాళ్ళ సంగతి చెప్పవయ్యా,” అంది కొట్టు ఆవిడ. పట్టికలో ఆసియావాళ్ళు 2 అని ఉంది. ఈ గడ్డి గుట్టల్లో ఆసియావాళ్ళను ఎవరూ ఎన్నడూ చూడలేదు.

“వాళ్ళా? మా పొలంలోనే ఉంటున్నట్టున్నారు. నిన్న గేటు తీసి వదిలేసింది వాళ్ళే. నేను మాత్రం కాదు,” అన్నాడు వెండెల్. అందరూ నవ్వారు. నేనూ నవ్వేదాన్నే, ఆ తర్వాతి మాట అనకపోయి ఉంటే. “మీ ఐదోవాడి సంగతి డార్సీని అడుగు. ఈ కౌంటీలో వాడు ఎక్కని గుట్ట లేదు, తినని వంటిల్లు లేదు.”

దాణా బస్తా ట్రక్కులో వేయించుకుని ఇంటికి వచ్చేదాకా ఆ మాట నా వెంటే వచ్చింది.

డార్సీకి ఇరవై నాలుగేళ్ళు. గాలిమరలు బాగుచేస్తాడు. పశువుల తొట్లకు నీళ్ళు తోడే మరలు ఇక్కడ వందల్లో ఉన్నాయి. ఏదో ఒకటి ఎప్పుడూ చెడిపోయే ఉంటుంది. దూరపు రాంచిల్లో పొద్దుపోతే వాడు అక్కడే పడుకుంటాడు. వారం కిందట వాడి ట్రక్కు ఊడుస్తుంటే సీటు కింద చంటిపిల్లల పౌడరు డబ్బా దొరికింది. ఎందుకో అనుకుని అక్కడే పెట్టేశాను. ఇప్పుడు ఆ డబ్బా, ఆ అంకె పక్కపక్కన నిలబడ్డాయి.

లెక్కలు తీసుకున్నది పోయినేడాది ఏప్రిల్లో. అంటే బిడ్డకు ఇప్పుడు ఏడాదిన్నర. నడక వచ్చే ఈడు. ఏ గుట్ట వెనకో, ఏ నీళ్ళతొట్టి పక్కనో తప్పటడుగులు వేస్తూ ఉంటుంది. తొట్టి రెండడుగుల లోతే. రెండడుగులు చాలు. ఆ బిడ్డ పేరేమిటో నాకు తెలియదు, నా కళ్ళకు మాత్రం అది అప్పటికే తొట్టి అంచు పట్టుకుని వంగుతోంది.

మా అత్త మాత్రం పత్రికను ఒళ్ళో పరుచుకుని ఆ అంకెను వేలితో నిమురుతోంది. “నా చిన్నప్పుడు మనవాళ్ళు తొంభై మంది ఉండేవాళ్ళే. మనకో చర్చి, మనకో బడి. తర్వాత నలభై అన్నారు. తర్వాత పదకొండు. మొన్నటిదాకా నాలుగు. నేను పుట్టాక ఈ అంకె పెరగడం ఇదే మొదటిసారి,” అంది. ఆమె ముఖంలో ఆ మురిపెం చూస్తే నాకు ఇంకా భయం వేసింది.

రాత్రి భోజనం దగ్గర ఉగ్గబట్టుకోలేకపోయాను. చిక్కుడు గింజల గిన్నె డార్సీ ముందు పెడుతూ అనేశాను.

“ఆ బిడ్డ ఎక్కడుందో చెప్పు. నేనేమీ అనను. తొట్టి చుట్టూ కంచె అన్నా వేయించనీ.”

“ఏ బిడ్డమ్మా?”

“నాకు తెలియదనుకోకు. పౌడరు డబ్బా చూశాను. అంకె చూశాను. ఊరంతా అంటోంది.”

లూషస్ చెంచా దించాడు. “ఏమే, ఒక్క అంకె చూసి మనవణ్ణి పుట్టించేశావా? ఇంకో రెండు అంకెలు చూస్తే వాడికి పెళ్ళి కూడా చేసేస్తావు.”

డార్సీ నవ్వలేదు. నా వైపే చూస్తున్నాడు. చిన్నప్పుడు చేయని తప్పుకు కొట్టినప్పుడు అలాగే చూసేవాడు.

“నువ్వు నన్ను అడగలేదమ్మా. తీర్పు చెప్పేసి తర్వాత పిలిచావు. బిడ్డను కని దాచిపెట్టే మనిషినా నేను? వాషింగ్టన్‌లో ఎవడో వేసిన అంకెను నమ్మావు. నన్ను నమ్మలేదు.”

కంచం ముట్టకుండానే లేచి వెళ్ళిపోయాడు.

మా వంటింటి తలుపు పక్కన ఒక పలక వేలాడుతూ ఉంటుంది. పొద్దున్నే డార్సీ దాని మీద ఆ రోజు ఏ మర ఎక్కుతాడో రాసి వెళ్తాడు. ‘వెండెల్ ఉత్తరపు మర.’ ‘ఎండు చెరువు మర.’ గుట్టల్లో ఫోను పలకదు. ఎనిమిదేళ్ళ కిందట ఇదే పని చేసే ఎర్ల్ అనే ఆయన నలభై అడుగుల పైనుంచి పడితే, ఎక్కడున్నాడో ఎవరికీ తెలియక రెండో రోజు సాయంత్రానికి గానీ దొరకలేదు. మావాడు ఈ పనిలో చేరిన రోజు నేను అడిగింది ఆ పలక ఒక్కటే. ఐదేళ్ళలో ఒక్క పొద్దూ తప్పలేదు.

గురువారం పలక ఖాళీగా ఉంది.

చీకటి పడ్డాక ట్రక్కు చప్పుడు వినబడేదాకా నేను కిటికీ దగ్గరనుంచి కదల్లేదు. లోపలికి వచ్చాడు, నాన్నమ్మను పలకరించాడు, వెళ్ళి పడుకున్నాడు. శుక్రవారమూ పలక ఖాళీయే. ఆ రోజు పొద్దుటినుంచి గాలి గట్టిగా ఉంది. నేను ట్రక్కు తీసుకుని కౌంటీ ఆఫీసుకు వెళ్ళాను.

అక్కడ గుమస్తా ఆర్డిస్. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ కౌంటీలో ప్రతి పెళ్ళి కాగితమూ, ప్రతి బండి కాగితమూ ఆమె చేతి మీదుగానే పోయింది.

“ఆ ఐదో మనిషి ఏ ఇంట్లో ఉన్నాడో కాగితం చూపించు ఆర్డిస్. చూసి వెళ్ళిపోతాను.”

“ఆ కాగితాలు నాకే చూపించరు. చట్టం ప్రకారం డెబ్బై రెండేళ్ళు ఆగాలి.”

“డెబ్బై రెండేళ్ళకు ఆ బిడ్డ ముసలిదైపోతుంది!”

“ఏ బిడ్డ?” అని, నా ముఖం చూసి ఆమె లేచి వచ్చి నాకు కుర్చీ వేసింది. “ముందు కూర్చో. ఆ ఆసియావాళ్ళు ఇద్దరినీ ఎప్పుడైనా చూశావా?”

“లేదు.”

“నేనూ చూడలేదు. లేరు కాబట్టి. మనలాంటి చిన్నచోట్ల అంకెలు ఉన్నవి ఉన్నట్టు అచ్చేస్తే, ఫలానా వరస ఫలానా ఇల్లేనని ఎవరైనా పట్టేస్తారు. అందుకని అచ్చేసే ముందు వాళ్ళే కావాలని కాస్త కదిపేస్తారు. ఇక్కడ ఒకటి ఎక్కువ, అక్కడ రెండు తక్కువ. వేలెత్తి చూపించే వీలు లేకుండా. మిమ్మల్ని దాచడానికే వెర్లీన్.”

“మమ్మల్ని దాచడానికా? దారినపోయే పోస్టు బండిని ఆపి అడిగినా మా ఇల్లు చూపిస్తారు.”

“దాచారు కదా మరి. ఎంత బాగా దాచారంటే నీ ఇంట్లోవాళ్ళ లెక్క నీకే తేలలేదు.”

నాకు నవ్వు రాలేదు. నా కళ్ళ ముందునుంచి ఆ బిడ్డ పోయింది, తొట్టి పోయింది. మిగిలింది నా కొడుకు. వాడు ఈ గాలిలో ఎక్కడో ఒక నిచ్చెన మీద ఉన్నాడు, ఎక్కడో నాకు తెలియదు. తెలియకుండా చేసుకున్నది నేనే.

తిరిగి వస్తూ చర్చి గుట్ట మీద ట్రక్కు ఆపి దిగాను. మావాళ్ళ పాత చర్చి ఉండిన చోటు అది, ఇప్పుడు నాలుగు పునాది రాళ్ళు. అక్కడినుంచి చూస్తే కనుచూపు మేరా గడ్డి, గడ్డిలో మరలు. నాకు ఏడు కనిపించాయి. ఆ గాలికి అన్నీ పిచ్చెత్తినట్టు తిరుగుతున్నాయి. చూస్తూ చూస్తూ ఉంటే ఒకటి తిరగడం లేదు. తూర్పున, రెండు గుట్టల అవతల. గాలి పట్టకుండా తోక రేకు మడిచి, రెక్కలు కట్టేసి, కదలకుండా నిలబడింది. మర మీద మనిషి ఉంటే తప్ప ఇలాంటి గాలిలో ఎవరూ మరను ఆపరు.

ట్రక్కును గడ్డిలోంచే పోనిచ్చాను.

పైన ఉన్నవాణ్ణి కిందినుంచి పిలవకూడదు. ఉలిక్కిపడతాడు. అందుకని ఇంజను ఆపి, నోరు మూసుకుని, వాడి బూట్ల అడుగులు చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ రెండుసార్లు అయ్యాయి. చివరికి వాడు దిగాడు, పైనుంచి పడకుండా నడుముకు కట్టుకున్న పటకా విప్పాడు, తన ట్రక్కు సీటు కిందనుంచి ఆ పౌడరు డబ్బా తీశాడు. చొక్కా కాస్త పైకెత్తి, పటకా ఒరుసుకుని ఎర్రబారిన నడుము మీద చల్లుకున్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

“ఇదిగో, నీ మనవడు.”

“ఆర్డిస్ అంతా చెప్పింది. ఆ అంకె అబద్ధమట.”

“అంకె నిజమై ఉంటే?”

నేను వాడి దగ్గరికి వెళ్ళి అన్నాను. “నిజమైనా నిన్నే ముందు అడగాల్సింది. తప్పు నాదేరా. తిట్టాలంటే తిట్టు. మాట్లాడకపోయినా ఊరుకుంటాను. ఆ పలక మీద మాత్రం రాయి. రెండు రోజులనుంచి నాకు అన్నం దిగడం లేదు.”

వాడు డబ్బా మూత పెట్టాడు. “ఇక్కడున్నానని ఎలా తెలిసింది?”

“తిరగని మర ఇదొక్కటే.”

వాడు తలెత్తి మర వైపు చూశాడు, తర్వాత నా వైపు. పెదవి చివర కదిలింది. “పదమ్మా. సాయంత్రం గాలి ఇంకా లేస్తుంది,” అన్నాడు.

ఇంటికి వెళ్ళాక అత్తకు నెమ్మదిగా చెప్పాను, ఐదో మనిషి లేడని. ఆమె పత్రికలో ఆ అంకె మీద మళ్ళీ వేలు పెట్టింది.

“ఆర్డిస్‌తో చెప్పు, ఎవరితోనూ అనొద్దని. మళ్ళీ లెక్కలు తీసేదాకా, ఇంకో తొమ్మిదేళ్ళు ఐదుగానే ఉండనీ. ఎవరికేం నష్టం?” అంది. ఆ పట్టికను కత్తిరించి తన పాత బడి ఫోటో వెనక పెట్టుకుంది.

శనివారం పొద్దున్న నేను లేచేసరికి డార్సీ వెళ్ళిపోయాడు. దీపం కూడా వేయకుండా పలక దగ్గరికి వెళ్ళాను. సుద్దతో, పెద్ద అక్షరాలతో ఉంది.

‘ఎండు చెరువు మర. సాయానికి ఐదోవాణ్ణి తీసుకెళ్తున్నాను.’

ఒక్కదాన్నే నిలబడి నవ్వాను. తర్వాత గాలి ఎటు వీస్తోందో చూడడానికి వాకిట్లోకి వెళ్ళాను.